మిగిలిపోయిన బ్రెడ్‌తో డబుల్ కా మీఠా: ఇంట్లో చేసుకునే పద్ధతి

బ్రెడ్ ప్యాకెట్టులో చివరి ఏడెనిమిది స్లైసులు మిగిలిపోవడం దాదాపు ప్రతి ఇంట్లోనూ జరిగేదే. రెండు మూడు రోజులు గడిచేసరికి వాటి అంచులు బిరుసెక్కుతాయి, మధ్యభాగం వేళ్లతో నలిపితే పొడిపొడిగా రాలిపోతుంది. టీలో ముంచుకుని తినబుద్ధి కాదు, అలాగని పారవేయడానికి మనసొప్పదు. హైదరాబాదు వంటిళ్లలో ఇటువంటి బ్రెడ్‌కు చాలాకాలంగా ఒక గౌరవమైన స్థానం ఉంది. పెళ్లి దావతులలో బిర్యానీ తరువాత ఖుబానీ కా మీఠాతో పాటు వడ్డించే డబుల్ కా మీఠా ఈ బ్రెడ్‌తోనే తయారవుతుంది. ఉర్దూలో బ్రెడ్‌ను డబల్ రోటీ అంటారు. పిండి పులిసి ఉబ్బి రెట్టింపు అవుతుంది కనుక ఆ పేరు వచ్చిందని చెబుతారు. మీఠా అంటే తీపి వంటకం. ఉత్తరాదిలో చేసే షాహీ టుక్డా దీనికి దగ్గరి చుట్టమే అయినా, అందులో పాకంలో ముంచిన ముక్కలను విడివిడిగా పళ్లెంలో పేర్చి పైన రబ్డీ పోస్తారు. హైదరాబాదు పద్ధతిలో ముక్క, పాకం, పాలు మూడూ ఒకే గిన్నెలో సన్నని సెగ మీద కలిసి మగ్గుతాయి.

ఈ వంటకానికి తాజా బ్రెడ్ కంటే పాతబడిన బ్రెడ్ మేలని చెప్పడం పొదుపు కోసం మాత్రమే కాదు. మొదటిసారి నేను దీనిని ఆ రోజే కొన్న మెత్తని బ్రెడ్‌తో చేశాను. పాకం పోసిన ఐదు నిమిషాలలో ముక్కలన్నీ కరిగి అంబలిలా అయిపోయాయి. పక్కింటి పెద్దావిడ గిన్నెలోకి ఒకసారి చూసి, “రొట్టె నిన్నటిదైనా కావాలమ్మా, మొన్నటిదైతే ఇంకా మంచిది” అన్నారు. ఆ మాట వెనుక ఉన్న కారణం నాకు తరువాత అర్థమైంది. బ్రెడ్ కాలేటప్పుడు పిండిలోని గంజి పదార్థం నీటిని పీల్చుకుని మెత్తబడుతుంది. చల్లారిన తరువాత రోజులు గడిచేకొద్దీ అదే గంజి మళ్లీ దగ్గరగా కూడుకుని గట్టిపడుతుంది, లోపలి తడి మెల్లగా అంచుల వైపుకు పోతుంది. అందుకే పాత బ్రెడ్‌లో మధ్యభాగం గరుకుగానూ అంచు తోలులాగానూ తయారవుతాయి. అలా గట్టిపడిన ముక్క నేతిలో త్వరగా వేగుతుంది, పాకంలో ముంచినా ఆకారం పోగొట్టుకోదు. డబుల్ కా మీఠాలో ఉన్న పనంతా ముక్కలోని నీటిని పూర్తిగా తీసివేసి, ఆ ఖాళీని మొదట పాకంతోనూ ఆ తరువాత చిక్కటి పాలతోనూ నింపడమే. కింద చెప్పిన ప్రతి దశనూ ఈ దృష్టితో చూస్తే ఎక్కడ ఎంతసేపు ఆగాలో మీకే తెలిసిపోతుంది.

ముందుగా బ్రెడ్‌ను పరీక్షించండి

పాతబడిన బ్రెడ్ వేరు, పాడైన బ్రెడ్ వేరు. ఈ తేడా విషయంలో ఎటువంటి మొహమాటమూ పెట్టుకోకండి. స్లైసులను ఒక్కొక్కటిగా వెలుతురులో పట్టుకుని రెండు వైపులా చూడండి. ఆకుపచ్చ, తెలుపు, నలుపు చుక్కలలో ఏ ఒక్కటి కనిపించినా, ఆ చుక్క ఉన్న మేరకు గిల్లివేసి మిగతాది వాడుకోవడం తగదు. బూజు తాలూకు సన్నని పోగులు కంటికి కనిపించకుండా మెత్తని బ్రెడ్ లోపలికి చాలా దూరం పాకి ఉంటాయి కనుక ఆ ప్యాకెట్టు మొత్తాన్ని పారవేయడమే సరైన పని. నేతిలో వేయిస్తే అన్నీ పోతాయన్న నమ్మకం కూడా పెట్టుకోవద్దు, ఎందుకంటే కొన్ని బూజులు వదిలే విషపదార్థాలు వంటింటి వేడికి నశించవు. బూజు ఉందేమోనన్న అనుమానం కలిగినప్పుడు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడకండి. ఎండాకాలంలో ఇంకొక రకమైన చెడు కూడా వస్తుంది. స్లైసును తుంచినప్పుడు లోపల జిగటగా తీగలు సాగుతూ, అతిగా మగ్గిన పండు వాసన వస్తే అది కూడా పనికిరాదు.

విశాఖపట్నం, కాకినాడ వంటి తేమ ఎక్కువగా ఉండే ఊళ్లలో బ్రెడ్ ఎండేలోపే బూజు పట్టే ప్రమాదం ఉంటుంది. అక్కడివారు మిగిలిన స్లైసులను రెండో రోజునే ఫ్రిజ్‌లో పెట్టుకోవడం మంచిది. ఫ్రిజ్‌లో బూజు ఆలస్యంగా వస్తుంది కానీ బ్రెడ్ మాత్రం బయటకంటే త్వరగా బిరుసెక్కుతుంది. మామూలుగా అది లోపమే అయినా ఈ వంటకానికి మాత్రం అనుకూలమైన గుణం. హైదరాబాదు వేసవిలో అయితే ప్యాకెట్టు మూతి తీసి ఉంచితే ఒక్క పూటలోనే కావలసినంత ఎండిపోతుంది.

స్లైసు రెండు అంచులనూ పట్టుకుని వంచి చూడండి. వంగకుండా పగుళ్లిస్తే అది సిద్ధంగా ఉన్నట్టు. మెత్తగా వంగితే పళ్లెంలో విడివిడిగా పరచి, పలుచని గుడ్డ కప్పి, ఒక గంట ఎండలో ఉంచండి. ఎండ లేని రోజున నూనె వేయని పెనం మీద సన్నని సెగలో రెండు వైపులా రెండేసి నిమిషాలు ఉంచినా సరిపోతుంది.

కావలసినవి

ఆరుగురికి సరిపడే కొలతలు ఇవి. మామూలు తెల్ల బ్రెడ్ స్లైసులు 8, చిక్కటి పాలు 750 మిల్లీలీటర్లు, పంచదార 200 గ్రాములు, పాకానికి నీళ్లు 200 మిల్లీలీటర్లు, వేయించడానికి నెయ్యి 150 గ్రాములు, యాలకులు 6, కుంకుమపువ్వు పోగులు ఒక ఇరవై, జీడిపప్పు 15, బాదం 10, పిస్తా ఒక గుప్పెడు. ఇంట్లో కోవా ఉంటే 50 గ్రాములు తీసి పెట్టుకోండి, లేకపోయినా లోటేమీ ఉండదు. మీ దగ్గర ఉన్నది మిల్క్ బ్రెడ్ వంటి తియ్యని బ్రెడ్ అయితే పంచదారను 150 గ్రాములకు తగ్గించండి. గోధుమ బ్రెడ్‌తో చేయవచ్చు కానీ అందులోని తవుడు వల్ల ముక్క పాలను సరిగా పీల్చుకోక కొంచెం గరుకుగానే మిగిలిపోతుంది. వెల్లుల్లి, వాము, మసాలా చల్లిన బ్రెడ్ జోలికి వెళ్లకండి.

పాలు మొదలుపెట్టండి

అన్నింటికంటే ఎక్కువ సమయం తీసుకునేది పాలు చిక్కబడటం కనుక ముందుగా వాటిని పొయ్యి మీద పెట్టండి. అడుగు మందంగా, మూతి వెడల్పుగా ఉన్న గిన్నెను ఎంచుకుంటే నీరు త్వరగా ఆవిరవుతుంది, అడుగంటే ప్రమాదం కూడా తగ్గుతుంది. పాలు ఒక పొంగు వచ్చిన తరువాత సెగ తగ్గించి, నాలుగైదు నిమిషాలకు ఒకసారి గరిటెతో అడుగు నుంచి కలుపుతూ, గిన్నె గోడలకు అంటుకున్న మీగడను గీకి పాలలోనే వేస్తూ ఉండండి. 750 మిల్లీలీటర్ల పాలు ఇంచుమించు 400 మిల్లీలీటర్లకు దిగడానికి అరగంట వరకు పడుతుంది. పాలు లేత మీగడ రంగుకు మారి, గరిటె వెనుక భాగాన్ని పలుచగా పూసినట్టు పట్టుకుంటే చాలు. కోవా వేసేవారు ఈ దశలో చిదిమి వేసి, ఉండలు లేకుండా కలిపి దించండి. దించే ముందు రెండు చెంచాల వేడి పాలను చిన్న గిన్నెలోకి తీసి అందులో కుంకుమపువ్వు నానబెట్టండి. పావుగంటలో అది తన రంగును తానే ఇస్తుంది. విందు భోజనాలలో కనిపించే ముదురు నారింజ రంగు కోసం రంగుపొడి కలపవలసిన అవసరం ఇంటి వంటలో నాకు ఎన్నడూ కనిపించలేదు.

వేయించడం

పాలు మరుగుతున్నంతలో బ్రెడ్ పని చూసుకోవచ్చు. అంచులు మరీ మందంగా, ముదురు గోధుమరంగులో ఉంటే కత్తితో తీసివేయండి. అవి వేగాక గట్టిపడి పాకాన్ని మిగతా భాగంతో సమానంగా పీల్చుకోవు. పలుచని అంచులైతే ఉంచడమే నయం, ముక్క విడిపోకుండా అవి కాపాడతాయి. ప్రతి స్లైసునూ నాలుగు చదరపు ముక్కలుగా గానీ, రెండు త్రికోణాలుగా గానీ కోయండి. మరీ చిన్నవిగా కోస్తే పాలలో మగ్గేటప్పుడు చితికిపోతాయి.

వెడల్పాటి బాణలిలో నెయ్యి వేడిచేసి, ముందుగా జీడిపప్పునూ సన్నగా తరిగిన బాదంనూ దోరగా వేయించి తీయండి. అదే నేతిలోకి ఒక బ్రెడ్ ముక్క కొసను విరిచి వేసి చూడండి. అది వెంటనే పైకి తేలి చుట్టూ సన్నని బుడగలు వస్తే నెయ్యి సరిగ్గా కాగినట్టు. అడుగునే ఉండిపోతే కాగలేదన్నమాట, అప్పుడు ముక్కలు వేస్తే నెయ్యంతా పీల్చేసి బరువెక్కుతాయి. వేసీ వేయగానే నల్లబడితే వేడి ఎక్కువైంది, పైన మాడి లోపల తడి మిగిలిపోతుంది.

మధ్యరకం సెగ మీద ఐదారు ముక్కల చొప్పున వేయండి. ఇక్కడ కన్నుతో పాటు చెవి కూడా పని చేయాలి. ముక్క నేతిలో పడగానే చిటపటమని గట్టిగా చప్పుడు చేస్తుంది. అది లోపలి నీరు ఆవిరై బయటకు వస్తున్న శబ్దం. ఒక నిమిషం గడిచేసరికి ఆ చప్పుడు సన్నగిల్లి, బుడగలు పెద్దవి పోయి చిన్నచిన్నవి మిగులుతాయి. అప్పుడు తిరగవేయండి. రెండో వైపు కూడా అలాగే శబ్దం అణగి, ముక్క లేత బెల్లం రంగులోకి రాగానే జల్లిగరిటెతో ఎత్తి, ఒక క్షణం నెయ్యి కారనిచ్చి, జల్లెడలో నిలబెట్టినట్టుగా ఒకదానికొకటి ఆనించి పెట్టండి. పళ్లెంలో ఒకదాని మీద ఒకటి పరిచారంటే ఆవిరి పోయే దారి లేక అడుగు ముక్కలు మళ్లీ మెత్తబడతాయి, అంతవరకు పడిన శ్రమ వృథా అవుతుంది. చల్లారిన ముక్కను గోటితో కొడితే కణకణమనాలి, విరిస్తే మధ్యలో కూడా పెళుసుగా ఉండాలి. మధ్యభాగం ఇంకా మెత్తగా సాగితే సన్నని సెగ మీద మరొక నిమిషం వేయించండి.

అంత నెయ్యి వాడటం ఇష్టం లేనివారు ముక్కలకు రెండు వైపులా నెయ్యి రాసి పెనం మీద చిన్న మంటపై ఓపికగా కాల్చుకోవచ్చు, లేదా ఓవెన్‌లో 180 డిగ్రీల సెల్సియస్ వద్ద పది పన్నెండు నిమిషాలు, మధ్యలో ఒకసారి తిరగవేస్తూ, ఉంచవచ్చు. ఈ రెండు పద్ధతులలోనూ ముక్క బాగానే ఎండుతుంది. నేతిలో వేగినప్పుడు వచ్చే కమ్మదనం మాత్రం కొంత తగ్గుతుందని చెప్పక తప్పదు. పండుగకో చుట్టాలు వచ్చినప్పుడో చేసేటట్టయితే నేతిలో వేయించమనే నా సలహా.

పాకం

ఈ వంటకానికి ముదురు పాకం పనికిరాదు. మైసూరుపాకుకో అరిసెలకో పట్టినట్టు పాకం పడితే అది ముక్క పైనే పేరుకుని లోపలికి దిగదు, చల్లారాక పంచదార పలుకులు కట్టి పంటి కింద కరకరలాడుతుంది. మరీ నీళ్లగా ఉన్న పాకం ముక్కను ఒక్కసారిగా నానబెట్టి చితికేలా చేస్తుంది. గులాబ్‌జామూన్లకు పట్టే జిగురు పాకమే దీనికి సరైనది.

పంచదార, నీళ్లు కలిపి పొయ్యి మీద పెట్టి, పంచదార కరిగేవరకు కలపండి. మరుగు మొదలైన తరువాత మధ్యరకం సెగ మీద ఐదారు నిమిషాలకు పాకం జిగురుకు వస్తుంది. ఒక చుక్కను చల్లని పళ్లెంలో వేసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తాకించి విడదీయండి. తీగ సాగబోయి వెంటనే తెగిపోవాలి. తెగకుండా నిలిచిందంటే ముదిరిపోయినట్టు, అప్పుడు రెండు చెంచాల వేడినీళ్లు పోసి ఒక పొంగు రానిస్తే సరిపోతుంది. యాలకుల పొడి ఇప్పుడే వేసి దించి, మూత పెట్టి వేడిగా ఉంచండి. పాకం పలుకులు కట్టకుండా మనం మామూలుగా నిమ్మరసం పిండుతూ ఉంటాం. ఇక్కడ ఆ అలవాటును పక్కన పెట్టండి. తరువాత ఇదే గిన్నెలోకి పాలు పోయబోతున్నాం, పులుపు తగిలితే పాలు విరిగే ప్రమాదం ఉంది.

పంచదారకు బదులు బెల్లం వాడాలనుకునేవారు పరమాన్నం వండేటప్పుడు పాటించే జాగ్రత్తనే ఇక్కడా పాటించాలి. మంచి అనకాపల్లి బెల్లం 200 గ్రాములు తరిగి, అర గ్లాసు నీళ్లలో కరిగించి, నలకలు పోయేలా వడకట్టి, జిగురు పాకం వచ్చేవరకు మరిగించండి. ముక్కలు దీనిని పీల్చుకున్న తరువాత గిన్నెను పొయ్యి మీద నుంచి దించి గోరువెచ్చగా అయ్యేవరకు ఆగి, అప్పుడే గోరువెచ్చని పాలు పోయండి. ఆ తరువాత మళ్లీ పొయ్యి ఎక్కించకండి. మూత పెట్టి అరగంట వదిలేస్తే సరిపోతుంది. రుచి పూర్తిగా వేరుగా ఉంటుంది కానీ బాగుంటుంది.

ముక్కలు, పాకం, పాలు కలిసే దశ

ముక్కలన్నీ ఒకటి రెండు వరుసలలో పట్టేంత వెడల్పైన గిన్నె తీసుకోండి. వేయించిన ముక్కలను ఒకదాని అంచు మీదికి మరొకటి కొద్దిగా ఎక్కేలా పేర్చి, వేడి పాకాన్ని గరిటెతో ప్రతి ముక్క మీదా పడేలా పోయండి. ఐదు నిమిషాలు కదపకుండా వదిలేయండి. ఆ తరువాత ఒక ముక్కను బయటకు తీసి చెంచా అంచుతో మధ్యకు కోసి చూడండి. పైనా కిందా తేనె రంగు పట్టి, నట్టనడుమ మాత్రం వెంట్రుకంత సన్నని పొడి గీత కనిపిస్తే సరిగ్గా ఉంది. ఆ గీతను పాలు నింపుతాయి. లోపలంతా తెల్లగా పొడిగా ఉంటే అట్లకాడతో ముక్కలను జాగ్రత్తగా తిరగవేసి, అడుగున మిగిలిన పాకాన్ని మళ్లీ పైన పోసి, మరొక మూడు నాలుగు నిమిషాలు ఆగండి. ఇక్కడ తొందరపడి పాలు పోసేవారికే గట్టిగా, రబ్బరులా సాగే ముక్కలు ఎదురవుతాయి.

ఇప్పుడు చిక్కటి పాలలో నాలుగింట మూడు వంతులను గిన్నె అంచు వెంట మెల్లగా పోయండి. ముక్కల మీద ధారగా పోస్తే వాటి పైపొర చెదురుతుంది. మీగడ తరకలను మాత్రం చెంచాతో తీసి ముక్కల పైన పరవండి. గిన్నెను బాగా సన్నని సెగ మీద పెట్టి ఎనిమిది నుంచి పది నిమిషాలు మగ్గనివ్వండి. గరిటె పెట్టి కలపాలన్న కోరికను అణచుకోవడం ఈ వంటలో అన్నింటికంటే కష్టమైన పని. కలపడానికి బదులుగా రెండు చేతులా మసిగుడ్డతో గిన్నెను పట్టుకుని మెల్లగా ఒకటి రెండుసార్లు కుదపండి. పాలు అంచుల వద్ద చిన్నగా బుడగలెత్తుతూ, రానురాను తగ్గుతూ, ముక్కలు ఉబ్బుతూ కనిపిస్తాయి. పాలు పూర్తిగా ఇంకిపోకముందే, అడుగున ఇంకా కొంచెం చిక్కటి రసం కదులుతున్నప్పుడే, కుంకుమపువ్వు నానిన పాలను అక్కడక్కడా చల్లి, దించి, బిగుతైన మూత పెట్టండి. పూర్వం మూత మీద నిప్పులు వేసి దమ్ ఇచ్చేవారు. మన పొయ్యిల మీద గిన్నె కింద పెనం పెట్టి, అతి సన్నని సెగ మీద ఐదు నిమిషాలు ఉంచితే ఇంచుమించు అదే ఫలితం వస్తుంది. ఆ తరువాత మరొక ఇరవై నిమిషాలు మూత తీయకండి. మిగిల్చిన పాలను ఈ విరామం తరువాత చూసుకుంటూ పోయండి. ముక్కలు అప్పటికే పీల్చవలసినంత పీల్చుకుని ఉంటాయి కనుక ఎంత కావాలో కంటికే తెలుస్తుంది.

చేతిలో తేడా వచ్చి ముక్కలన్నీ చితికిపోయాయని తోచినా కంగారు పడవద్దు. అదే గిన్నెలో రెండు చెంచాల నెయ్యి వేసి, మధ్యరకం సెగ మీద గరిటెతో బాగా కలుపుతూ దగ్గరపడేవరకు ఉడికిస్తే చక్కని బ్రెడ్ హల్వా అవుతుంది. పాలు విరిగి పలుకులుగా కనిపించినప్పుడు కూడా పాలు తాజావైతే ఇదే దారి, ఆ పలుకులు హల్వాలో కలాకండ్ రుచినిస్తాయి. తీపి ఎక్కువైందనిపిస్తే పంచదార వేయని చిక్కటి పాలు మరొక అర కప్పు పోసి పది నిమిషాలు ఉంచండి.

వడ్డన, నిలవ

వేయించిన జీడిపప్పు, బాదం, తరిగిన పిస్తా వడ్డించే ముందు చల్లండి. ముందే వేస్తే పాలకు మెత్తబడిపోతాయి. డబుల్ కా మీఠా గోరువెచ్చగా ఉన్నప్పుడు నేతి వాసన బాగా తెలుస్తుంది, చల్లబరిస్తే పాల చిక్కదనం ముందుకు వస్తుంది. మా ఇంట్లో రెండు పక్షాలూ ఉన్నాయి కనుక సగం వెచ్చగా వడ్డించి మిగతా సగం ఫ్రిజ్‌లో పెడుతుంటాను. పాలు ఉన్న వంటకం కావడం వల్ల వేసవిలో రెండు గంటలకు మించి బయట ఉంచకండి. ఫ్రిజ్‌లో రెండు రోజులు నిలుస్తుంది. మరునాటికి ముక్కలు రసమంతా లాగేసి బిగుసుకుపోయినట్టు కనిపిస్తాయి. అప్పుడు తినబోయే మేరకు మాత్రమే తీసి, రెండు చెంచాల పాలు చిలకరించి, మూత పెట్టి సన్నని సెగ మీద మూడు నిమిషాలు వెచ్చబెడితే మళ్లీ విచ్చుకుంటాయి.

వేయించగా బాణలిలో మిగిలిన నేతిని పలుచని గుడ్డలో వడకట్టి, అడుగున చేరిన బ్రెడ్ పొడిని తీసివేసి, రెండు మూడు రోజులలో ఉప్మాకో చపాతీలకో వాడేయండి. కోసి పక్కన పెట్టిన అంచులను ఎండబెట్టి మిక్సీలో పొడిచేసి గాలి చొరని డబ్బాలో పోసుకుంటే, ఈసారి కట్‌లెట్లు చేసుకున్నప్పుడు పైన అద్దడానికి బయట పొడి కొనవలసిన పని ఉండదు.